న్యూయార్క్ మేయరు, మా ఎం.ఆర్.పల్లి కాలువ

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే సగం న్యూయార్క్ మేయర్ గురించే. మొదట నవ్వొచ్చింది. తిరుపతిలో కొర్లగుంటకీ న్యూయార్క్‌లో క్వీన్స్‌కీ ఏం సంబంధం అనుకున్నా. తర్వాత వేళ్ళు మడిచి లెక్కేస్తే మా ఒక్క వీధిలోనే నాలుగిళ్ళ పిల్లలు అమెరికాలో ఉన్నారు, అందులో ఒకడు న్యూజెర్సీలో కాపురం ఉంటూ రోజూ మాన్‌హటన్‌కు పోయొస్తాడు. ఇంక సంబంధం లేదని ఎట్లా అంటాం? వచ్చినవాటిలో కొన్నిటికి ఇవీ జవాబులు. పేర్లు వద్దన్నవాళ్ళు ఎక్కువమంది, అందుకని అందరివీ ఊళ్ళే వేస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు న్యూయార్క్‌లో క్వీన్స్‌లో ఉంటారు. వాడు ఫోన్ చేసినప్పుడల్లా మమ్దానీ వచ్చాడు నాన్నా, ఇంక అద్దెలు పెరగవు, బస్సులు ఫ్రీ అంటాడు. మా ఎదురింటాయన బ్యాంకులో చేసి రిటైరైనవాడు, అవన్నీ అయ్యే పనులు కావు, అనుభవం ఉన్న క్యూమోని ఓడించి తప్పు చేశారు అంటాడు. అసలు పోటీ చేసిన ముగ్గురూ ఏమేం చెప్పారు, ఎవరి మాటలో పస ఉంది? మా వాడికి అక్కడ ఓటుందా? (రిటైర్డ్ టీచర్, కొర్లగుంట, తిరుపతి)

జవాబు: మాస్టారూ, మీ వాడూ ఎదురింటాయనా ఇద్దరూ సగం సగం కరెక్టే, చిక్కంతా అక్కడే వచ్చింది.

ముందు ఓటు సంగతి. అమెరికా పౌరసత్వం ఉంటేనే ఓటు. హెచ్1బీ వీసా మీద ఉన్నా, గ్రీన్ కార్డు ఉన్నా లేదు. గ్రీన్ కార్డు, వర్క్ పర్మిట్ ఉన్నవాళ్ళు నగర ఎన్నికల్లో ఓటు వేయొచ్చని 2022లో న్యూయార్క్ నగరం ఒక చట్టం తెచ్చుకుంది కానీ, అది చెల్లదని 2025 మార్చిలో ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు కొట్టేసింది. కాబట్టి మీ అబ్బాయి పౌరసత్వం తీసుకోకపోయి ఉంటే, మన దగ్గర ఓటు లేని పిల్లోళ్ళు రచ్చబండ దగ్గర గెలుపోటములు తేల్చినట్టు మాట్లాడుతున్నాడన్నమాట. తప్పేం లేదు, మాట్లాడనివ్వండి, అద్దె కట్టేది వాడే కదా.

ఇక ముగ్గురి సంగతి. 2025 నవంబర్ 4న ఎన్నిక. డెమోక్రటిక్ పార్టీ తరఫున జోహ్రాన్ మమ్దానీ, 34 ఏళ్ళు, క్వీన్స్‌లోనే అస్టోరియా నుంచి రాష్ట్ర అసెంబ్లీ సభ్యుడు, సినిమా దర్శకురాలు మీరా నాయర్ కొడుకు. పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఆయన చేతిలో ఓడిపోయి, ఇండిపెండెంట్‌గా మళ్ళీ బరిలోకి దిగినాయన ఆండ్రూ క్యూమో, 2011 నుంచి 2021లో రాజీనామా చేసేదాకా ఆ రాష్ట్రానికి గవర్నర్. రిపబ్లికన్ అభ్యర్థి కర్టిస్ స్లీవా, నెత్తిన ఎప్పుడూ ఎర్ర టోపీ, 1979లో గార్డియన్ ఏంజెల్స్ అని ఒక దళాన్ని పెట్టి రైళ్ళలో గస్తీ తిరిగిన మనిషి. అప్పటి మేయర్ ఎరిక్ ఆడమ్స్ సెప్టెంబర్ ఆఖర్లో తప్పుకున్నా పేరు మాత్రం బ్యాలెట్ మీద ఉండిపోయింది. 20 లక్షల పైచిలుకు ఓట్లు పడ్డాయి, 1969 తర్వాత మేయర్ ఎన్నికలో అంతమంది ఓటేయడం ఇదే. మమ్దానీ సగానికి పైగా ఓట్లతో గెలిచి 2026 జనవరి 1న కుర్చీ ఎక్కాడు.

నేను ఎవరి హామీలు చూసినా ఒక్కటే చూస్తాను, మాస్టారూ. బీరువా తాళం ఎవరి బొడ్లో ఉంది? అత్తగారి బొడ్లో తాళం ఉంటే కోడలు ఎంత మంచి మనసుతో మాటిచ్చినా ఆ పట్టుచీర బయటికి రాదు. న్యూయార్క్‌లో అత్తగారు ఆల్బనీలో ఉంది, అంటే రాష్ట్ర ప్రభుత్వం, గవర్నర్ కాథీ హోకుల్. ముగ్గురి హామీలనూ ఈ లెక్కన చూడండి, చాలా తేలిపోతుంది.

అద్దెలు పెంచనివ్వను అని మమ్దానీ అన్నది తాళం తన దగ్గరే ఉన్న హామీ. అక్కడ ఏటా అద్దె ఎంత పెంచుకోవచ్చో చెప్పే బోర్డు ఒకటుంది, అందులో 9 మంది సభ్యులు, వాళ్ళను నియమించేది మేయరే. డి బ్లాసియో మేయర్‌గా ఉన్నప్పుడు 2015, 2016, 2020లో ఏడాది లీజులకు పైసా పెంచనివ్వలేదు కూడా. అంటే ఇది గాలిలో మేడ కాదు, ఇంతకుముందు అయిన పనే, ఎదురింటాయనకు చెప్పండి. అయితే మీ అబ్బాయికి చెప్పాల్సిందీ ఉంది: ఈ బోర్డు లెక్క అన్ని ఇళ్ళకూ కాదు, రెంట్ స్టెబిలైజ్డ్ అనే సుమారు 10 లక్షల అపార్ట్‌మెంట్లకే, అవీ చాలావరకు 1974కు ముందు కట్టిన పెద్ద బిల్డింగుల్లోవి. మనవాళ్ళు ఎక్కువమంది ఉండే కొత్త అపార్ట్‌మెంట్లు చాలావాటికి ఇది వర్తించదు. వాడి లీజు కాగితం తీసి చూసుకోమనండి, ఫోన్‌లో సంబరపడటం తర్వాత. క్యూమో దీన్నే పట్టుకుని గోల చేశాడు, మమ్దానీ తానే అస్టోరియాలో నెలకు 2,300 డాలర్ల స్టెబిలైజ్డ్ ఇంట్లో ఉన్నాడు, అసెంబ్లీ జీతం ఉన్నవాడికి ఆ ఇల్లెందుకు, నిజంగా అవసరమైనవాళ్ళకే ఇవ్వాలి, దానికో చట్టం తెస్తా అన్నాడు. వినడానికి బాగానే ఉంది, కానీ అది మేయర్ చేసే చట్టం కాదు, మళ్ళీ ఆల్బనీ పనే.

బస్సులు వేరే కథ. న్యూయార్క్‌లో బస్సులు, మెట్రో నడిపేది ఎంటీఏ, అది రాష్ట్రం కింద ఉంటుంది. అసెంబ్లీ సభ్యుడిగా ఉండగా మమ్దానీ పట్టుబట్టి 2023లో అయిదు రూట్లలో ఏడాది పాటు ఫ్రీ బస్సు ప్రయోగం చేయించాడు, అది నిజం. కానీ ఊరంతా ఫ్రీ అంటే ఏటా 70, 80 కోట్ల డాలర్లు కావాలని అంచనాలు, ఆ డబ్బూ ఆ నిర్ణయమూ రెండూ మేయర్ చేతిలో లేవు. క్యూమో అందరికీ వద్దు, తక్కువ ఆదాయం వాళ్ళకు ఇద్దాం అన్నాడు.

పిల్లల సంరక్షణ హామీ దగ్గర మాత్రం నేను కాసేపు ఆగిపోయాను. ఆరు వారాల పసిబిడ్డ నుంచి అయిదేళ్ళ దాకా ఉచితంగా చూసుకుంటామని మమ్దానీ చెప్పాడు. అక్కడ పిల్లను డేకేర్‌లో వేస్తే ఏడాదికి 20 వేల డాలర్లు సులువుగా దాటిపోతుంది. మన ఇళ్ళలో దానికి విరుగుడు ఏం కనిపెట్టాం? పురిటికి ముందు అమ్మమ్మ విజిటర్ వీసా మీద పోవడం, ఆమెకు ఆరు నెలలు అయిపోతుంటే నానమ్మ దిగడం. తిరుపతిలో ఎన్ని ఇళ్ళలో తాతగారు ఒక్కడే వంట చేసుకుంటున్నాడో, ఎంతమంది మోకాళ్ళ నొప్పులతో క్వీన్స్‌లో నాలుగో అంతస్తు మెట్లు ఎక్కుతున్నారో ఎవరూ లెక్కేయలేదు. మీ ఇంట్లోనూ అదే జరిగి ఉంటుందని నా అనుమానం. ఓటు లేకపోయినా మీకు నేరుగా తగిలే హామీ ఇదొక్కటే. దీనికీ పెద్ద డబ్బు ఆల్బనీ నుంచే రావాలి, కానీ హోకుల్ బస్సుల మీద చూపించినంత విముఖత దీని మీద చూపించలేదు.

మిగతావి గబగబా. పోలీసుల విషయంలో స్లీవా 7,000 మందిని కొత్తగా తీసుకుంటా అన్నాడు, క్యూమో 5,000, మమ్దానీ ఉన్న సంఖ్య చాలు, మానసిక సమస్యల ఫోన్ కాల్స్‌కు పోలీసులు కాకుండా వేరే శాఖ పెడతా అన్నాడు. ఇది పూర్తిగా మేయర్ పరిధిలోదే. ఇళ్ళు కట్టడంలో మమ్దానీ పదేళ్ళలో 2 లక్షలు అంటే, క్యూమో 5 లక్షలు అన్నాడు. కనీస వేతనం మమ్దానీ 2030 నాటికి గంటకు 30 డాలర్లు అన్నాడు, 2025లో ఉన్నది 16.50. కనీస వేతనం రాష్ట్ర చట్టం ప్రకారం నడిచేది, కాబట్టి అది దూరపు కొండ. నగరమే అయిదు సరుకుల దుకాణాలు నడుపుతుంది, ఒక్కో ప్రాంతానికి ఒకటి అన్నప్పుడు అమెరికా పేపర్లు కమ్యూనిజం వచ్చేసిందని గుండెలు బాదుకున్నాయి. 1999లో రైతు బజార్లు పెట్టినప్పటి నుంచి వంకాయలు కొనుక్కుంటున్న మనకు అందులో భయపడేది ఏముందో అర్థం కాలేదు. 85 లక్షల మంది ఊళ్ళో అయిదు కొట్లు. అవి లాభమో నష్టమో గానీ, విప్లవం మాత్రం కాదు.

ఎవరి మాటలో పస ఉందంటారా? క్యూమోకు ఆల్బనీ దారులు బాగా తెలుసు, పదేళ్ళు అత్తగారి స్థానంలో కూర్చున్నాడు మరి. కానీ అద్దె కట్టలేక ఊరు వదిలిపోయేవాడికి ఏం చేస్తావంటే సూటిగా చెప్పలేకపోయాడు. మమ్దానీ ఆ నొప్పి ఎక్కడుందో సరిగ్గా వేలు పెట్టి చూపించాడు, మందు మాత్రం సగం పక్కవాళ్ళ కొట్టులో ఉంది. నా లెక్కలో ఇది మమ్దానీకే ఎక్కువ మార్కులు, మీ ఎదురింటాయన ఒప్పుకోడు, ఆయన్నీ రాయమనండి, వేస్తాం.

ప్రశ్న: సార్, అక్కడ ప్రైమరీలో ఒక్కరికి కాకుండా అయిదుగురికి ఓటేశారట. ఒక మనిషికి అయిదు ఓట్లు ఎలా? (గ్రూప్స్‌కు చదువుతున్న అమ్మాయి, బైరాగిపట్టెడ)

జవాబు: అయిదు ఓట్లు కాదు తల్లీ, ఒకే ఓటుకు అయిదు వరసలు. నువ్వు డిగ్రీ అయిపోయినదానివైతే మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక గుర్తు తెచ్చుకో, బ్యాలెట్ మీద టిక్కు పెట్టకుండా 1, 2, 3 అని అంకెలు వేస్తాం కదా, అదే పద్ధతి. అందరికంటే తక్కువ ఓట్లు వచ్చినవాణ్ణి తీసేసి, వాడి ఓటర్ల రెండో ఇష్టాన్ని మిగతావాళ్ళకు పంచుతారు. న్యూయార్క్ వాళ్ళు 2019లో రెఫరెండం పెట్టి దీన్ని తెచ్చుకున్నారు, మేయర్ ప్రైమరీలో మొదట వాడింది 2021లో. నవంబర్ అసలు ఎన్నికకు ఇది లేదు, అక్కడ మామూలు ఓటే.

దీనివల్ల ప్రచారం తీరే మారిపోయింది. 2025 జూన్ ప్రైమరీలో మమ్దానీ, బ్రాడ్ ల్యాండర్ ఇద్దరూ పోటీదారులే అయినా నాకు ఒకటి వెయ్యండి, అతనికి రెండు వెయ్యండి అని కలిసి తిరిగారు. మొదటి లెక్కలో మమ్దానీకి 43 శాతం చిల్లర, ఓట్లు పంచాక 56 శాతం. మన కార్పొరేషన్ ఎన్నికల్లో ఇద్దరు అభ్యర్థులు ఒకే ఆటోలో ప్రచారానికి పోవడం ఊహించుకో, ఆటోవాడే దిగి పారిపోతాడు.

ప్రశ్న: అన్నా, నాకు చిత్తూరులో చిన్న ఫ్యాన్సీ షాపు, పైన ఇల్లు. ఎలక్షన్ అంటే నాకు ఒకటే టెన్షన్, పన్ను పెరుగుద్దా తగ్గుద్దా. అమెరికాలో ఈ ముగ్గురూ పన్ను గురించి ఏమన్నారు? మన దగ్గర ఇంటి పన్ను మేయర్ తగ్గించగలడా? (వ్యాపారి, చిత్తూరు)

జవాబు: మొదటిదానికి: మమ్దానీ ఏడాదికి 10 లక్షల డాలర్లు పైన సంపాదించేవాళ్ళ మీద ఇంకో 2 శాతం, పెద్ద కంపెనీల పన్ను పక్క రాష్ట్రం న్యూజెర్సీలో ఉన్నట్టు 11.5 శాతానికి పెంచాలన్నాడు. రెండూ రాష్ట్రం ఒప్పుకోవాలి. క్యూమో పన్ను పెంచితే డబ్బున్నోళ్ళు మూటాముల్లే సర్దుకుని ఫ్లోరిడా పోతారని వాదించాడు. స్లీవా సొంత ఇళ్ళవాళ్ళ మనిషి, ఆస్తి పన్నుకు ఒక హద్దు పెట్టాలన్నాడు. ఇందులో తమాషా ఏంటంటే, న్యూయార్క్ నగరం రాష్ట్రాన్ని అడక్కుండా తన కౌన్సిల్‌తో కలిసి రేటు మార్చుకోగలిగిన పెద్ద పన్ను ఆస్తి పన్ను ఒక్కటే. అంటే తాళం బొడ్లో ఉన్న పన్ను గురించి ఎక్కువ మాట్లాడింది, ఏడు శాతం చుట్టూ ఓట్లు తెచ్చుకుని మూడో స్థానంలో ఉండిపోయిన స్లీవా.

రెండోది మన సంగతి. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఇంటి పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద కడుతున్నాం. అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో భూమి విలువ పెంచితే నీ పన్నూ కదులుతుంది, ఏడాదికి 15 శాతం మించకుండా. ఈ పద్ధతి పెట్టింది రాష్ట్రం. భూమి విలువలు సవరించేదీ రాష్ట్రమే. కౌన్సిల్‌కు రేటు నిర్ణయించే చోటు ఉంది కానీ అది రాష్ట్రం గీసిన గిరిలోపలే. చెత్త పన్ను గుర్తుందా? 2021లో చెత్త సేకరణకు యూజర్ చార్జీలని వచ్చింది, వార్డు సచివాలయం వాళ్ళు ఇంటింటికీ తిరిగి వసూలు చేయలేక తిట్లు తిన్నారు. 2024లో ప్రభుత్వం మారాక చట్టం సవరించి ఎత్తేశారు. తెచ్చిందీ రాష్ట్రమే, తీసిందీ రాష్ట్రమే, మధ్యలో గుమ్మం దగ్గర మాటలు పడింది కార్పొరేటర్లు, సచివాలయం సిబ్బంది.

కాబట్టి మీ డివిజన్‌కు ఎవరైనా వచ్చి నన్ను గెలిపిస్తే ఇంటి పన్ను సగం చేస్తా అంటే టీ ఇచ్చి పంపించు, అంతకుమించి ఆలోచించకు. ఏప్రిల్‌లో ఏడాది మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది, అది మాత్రం ఎవరూ గెలవకపోయినా వస్తుంది. షాపు కింద, ఇల్లు పైన ఉంటే పన్ను రెండు లెక్కల్లో పడాలి, నీ నోటీసులో మొత్తం కమర్షియల్ కింద రాసి ఉంటే అభ్యంతరం పెట్టుకో, అది పోరాడి సాధించుకోగలిగిన పని.

ప్రశ్న: న్యూయార్క్‌లో జనం నేరుగా మేయర్‌కు ఓటేస్తారు, అభ్యర్థులు టీవీలో నిలబడి వాదించుకుంటారు. మనకెందుకు అలా లేదు? మనం ఓటేసేటప్పుడు మేయర్ ఎవరవుతారో కూడా తెలీదు. (ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థి)

జవాబు: ఉండేది తమ్ముడూ. నువ్వు పుట్టకముందు కావచ్చు. 2000లో విజయవాడ జనం నేరుగా ఓటేసి పంచుమర్తి అనురాధను మేయర్ చేసుకున్నారు, అప్పటికి ఆమె చాలా చిన్న వయసు. 2002లో హైదరాబాద్‌లో తీగల కృష్ణారెడ్డి కూడా నేరుగా గెలిచినవాడే. తర్వాత పద్ధతి మార్చారు. ఇప్పుడు మనం డివిజన్‌కు ఒక కార్పొరేటర్‌ను ఎన్నుకుంటాం, వాళ్ళూ ఎక్స్ అఫీషియో సభ్యులుగా ఎమ్మెల్యే, ఎంపీ, ఎమ్మెల్సీలూ కూర్చుని చేతులెత్తి మేయర్‌ను ఎన్నుకుంటారు. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్‌లో ఇప్పటికీ నేరుగానే.

తిరుపతి కథ ఇంకా విచిత్రం. 1886లో మునిసిపాలిటీ అయిన ఊరు, 2007 మార్చిలో కార్పొరేషన్ అయింది, కానీ మొదటి కార్పొరేషన్ ఎన్నిక జరిగింది 2021 మార్చిలో. పద్నాలుగేళ్ళు మేయర్ లేకుండానే కార్పొరేషన్ నడిచింది, స్పెషల్ ఆఫీసర్లతో. మేయర్ లేడని ఆ పద్నాలుగేళ్ళూ ఎవరికైనా పెద్దగా గుర్తొచ్చిందా? నాకైతే గుర్తు రాలేదు, అదే బాధ. 2021లో ఎన్నిక జరిగిన 49 డివిజన్లలో 48 వైఎస్సార్‌సీపీకి, 1 టీడీపీకి వచ్చాయి, డాక్టర్ శిరీష మొదటి మేయర్ అయ్యారు. 2025 ఫిబ్రవరిలో అదే కౌన్సిల్‌లో డిప్యూటీ మేయర్ ఎన్నిక పెడితే టీడీపీ అభ్యర్థి గెలిచారు. మధ్యలో మారింది రాష్ట్రంలో ప్రభుత్వం. 2021లో గెలిపించిన ఆ డివిజన్ల ఓటర్లను మళ్ళీ ఎవరూ అడగలేదు. ఈ పార్టీ మంచిది ఆ పార్టీ చెడ్డది అని నేను చెప్పడం లేదు, రేపు అటుదిటు అయినా ఇదే జరుగుతుంది. పరోక్ష ఎన్నికలో నీ ఓటు ఒకసారి పెట్టెలో పడ్డాక ఎవరి చేయి ఎటు లేస్తుందో నీకు లెక్క చెప్పేవాడు ఉండడు.

నేరుగా ఎన్నుకుంటే అన్నీ బాగుపడతాయా అంటే, అదీ కాదు. మేయర్ ఒక పార్టీ, కౌన్సిల్ ఇంకో పార్టీ అయితే బడ్జెట్ ముందుకీ వెనక్కీ పోదు. పైగా మన దగ్గర పని చేయించే అధికారం కమిషనర్‌ది, ఆయన్ని వేసేది రాష్ట్ర ప్రభుత్వం. న్యూయార్క్ మేయర్ పోలీసు కమిషనర్‌ను తానే నియమిస్తాడు, స్కూళ్ళు నడుపుతాడు, బడ్జెట్ 11,000 కోట్ల డాలర్లు దాటుతుంది. మన మేయర్ ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను కూడా మార్చలేరు. రాజ్యాంగం 74వ సవరణ 12వ షెడ్యూల్‌లో నగరాలకు ఇవ్వదగ్గ పనులు 18 రాసింది, అందులో ఏది ఇవ్వాలో ఎంత ఇవ్వాలో రాష్ట్రాల ఇష్టం, మరి ఏ అత్తగారు మాత్రం తాళాల గుత్తి అంతా ఒకేసారి ఇచ్చేస్తుంది? తిరుపతిలో పెద్దత్తగారు ఇంకొకరున్నారు, టీటీడీ. కొండ కార్పొరేషన్ పరిధిలోదే కాదు. కొండకు పోయే జనం మాత్రం మన రోడ్ల మీద నుంచే పోతారు. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఖర్చులో ఎక్కువ వాటా టీటీడీది, మిగతాది స్మార్ట్ సిటీ కంపెనీది. రేపు మేయర్ అభ్యర్థి ఎవరైనా ఫ్లైఓవర్ నేనే కట్టించా అని ఫ్లెక్సీ వేస్తే ఇది గుర్తుంచుకో.

టీవీ చర్చ మాత్రం మనకూ పెట్టుకోవచ్చు, దానికి చట్టం అక్కర్లేదు. మీ యూనివర్సిటీలోనే మీ డివిజన్ అభ్యర్థులను నలుగురిని పిలిచి కూర్చోబెట్టండి. వస్తారా అంటావా, ఒకడు వస్తే రెండోవాడు తప్పకుండా వస్తాడు.

ప్రశ్న: తిరుపతి మేయర్ సిటీ బస్సులు ఫ్రీ చేయగలరా? (లీలామహల్ దగ్గర నుంచి)

జవాబు: చేయలేరు. బస్సులు ఆర్టీసీవి, ఆర్టీసీ రాష్ట్రానిది. ఆడవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఫ్రీ. న్యూయార్క్‌లో ఇంకా వాదించుకుంటున్నది మనకు సగం ఎప్పుడో వచ్చేసింది, వాళ్ళకెవరైనా చెప్పండి.

ప్రశ్న: అన్నా, మాది ఎం.ఆర్.పల్లి. వానొస్తే మా ఇంటి ముందు మోకాళ్ళ లోతు నీళ్ళు. ఎలక్షన్ అంటేనే వచ్చే అభ్యర్థులు అందరూ కాలువ కట్టిస్తాం అంటారు. అందరూ ఒకటే చెప్తుంటే తేడా ఎట్లా తెలుసుకోవాల? (గృహిణి, ఎం.ఆర్.పల్లి)

జవాబు: అమ్మా, న్యూయార్క్ ఉత్తరాలన్నీ ఒక ఎత్తు, నీ ఉత్తరం ఒక ఎత్తు.

2021 నవంబర్ వరదలు నీకు నేను చెప్పనక్కర్లేదు. కొండ మీద పడ్డ నీళ్ళన్నీ కపిలతీర్థం మీదుగా దూకి ఊళ్ళోకి వచ్చేశాయి, మీ దగ్గరే శ్రీకృష్ణానగర్‌లో ఒకరింట్లో నేల కింద ఉన్న నీళ్ళ సంపు సిమెంటు ఒరలతో సహా పైకి లేచి నిలబడితే ఊరంతా చూడ్డానికి పోయింది. వెస్ట్ చర్చి రైల్వే అండర్‌బ్రిడ్జి సంగతి సరే, గట్టి వానొస్తే అటు పోవద్దని చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. ఎందుకిలా అంటే ఊరి పేర్లే చెప్తున్నాయి చూడు. కొర్లగుంట, తాతయ్యగుంట. గుంటలుండేవమ్మా. కొండ మీద నుంచి దిగిన నీళ్ళు ఈ గుంటల్లో, చెరువుల్లో ఆగి, నిండాక స్వర్ణముఖికి పోయేవి. గుంటల మీద ఇళ్ళు లేచాయి, పేరు మాత్రం మిగిలింది. నీళ్ళకు ఆ సంగతి తెలీదు, పాత అడ్రసుకే వస్తున్నాయి.

అందుకని కాలువ కట్టిస్తా అనే మాట ఒక్కటే హామీ కాదు. నీ గుమ్మం దగ్గరికి వచ్చినవాణ్ణి నిలబెట్టి అడుగు: ఈ కాలువ ఎవరిది, కార్పొరేషన్‌దా, ఆర్ అండ్ బీదా, యూనివర్సిటీదా? ఇక్కడ కట్టిన కాలువ నీళ్ళు ఏ పెద్ద కాలువలో కలుస్తాయి, అది ఇప్పుడు ఎంత వెడల్పుంది, దాని మీద ఎవరెవరు కట్టుకున్నారు? ఎస్టిమేట్ వేశారా, డబ్బు జనరల్ ఫండ్ నుంచా, ఆర్థిక సంఘం నిధుల నుంచా? కాలువ మీద కట్టుకున్నవాడు మీ పార్టీవాడైతే తీయిస్తావా? చివరిది అడిగినప్పుడు ముఖం చూడు, నోరు ఏం చెప్పినా పర్వాలేదు.

నా అనుభవం ఒకటి చెప్తా. ఒకసారి ఎన్నికల్లో మా వీధికి వచ్చిన ఒక అభ్యర్థి, పేరెందుకులే, గెలిచిన రెండు నెలల్లో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ కనెక్షన్ ఇప్పిస్తా అన్నాడు. హారతిచ్చాం. గెలిచాడు. ఏడాది తర్వాత పోయి అడిగితే, మీ వీధి వాటం పక్క వీధి కంటే పల్లంలో ఉంది, మ్యాన్‌హోల్‌లోకి నీళ్ళు ఎక్కవు, పంపింగ్ కావాలి అన్నాడు. ఆ మాట నిజమే. కానీ వీధి ఓట్లకు ముందు కూడా పల్లంలోనే ఉంది కదా నాయనా! ఆయన అబద్ధం చెప్పాడని నేను అనను, కొలవకుండా చెప్పాడు. అప్పట్నుంచి ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చారా లేదా అన్నదే చూస్తున్నాను. ఇంతవరకు ఒక్కరూ రాలేదు, ఫోటోగ్రాఫర్‌ను మాత్రం తెస్తారు.

ఇంకోటి. మీ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ అని ఒకరుంటారు, రోడ్లు, కాలువలు, నీళ్ళు ఆయన లెక్కలోనివే. ఎన్నికలతో పని లేకుండా ఆయన దగ్గరికి పోయి మీ వీధి కాలువ మీద ఏదైనా ఎస్టిమేట్ పైకి పంపారా, ఏ తారీఖున పంపారు అని అడుగు. కాగితం నకలు తెచ్చుకో. అభ్యర్థి వచ్చినప్పుడు ఆ కాగితం చూపించి మాట్లాడితే పక్కనున్న పదిమంది కూడా ఆగి వింటారు. న్యూయార్క్‌లో టీవీవాళ్ళు చేసిన పని అదే, మమ్దానీని కూర్చోబెట్టి బస్సులకు డబ్బెక్కడిది, ఎవరిస్తారు అని అడిగారు. నీకు టీవీ అక్కర్లేదు, మీ వీధి అరుగు చాలు.

ప్రశ్న: స్లీవా ఇంట్లో పిల్లులు పెంచుతాడని, పిల్లుల కోసమే పోటీ చేశాడని విన్నాం, నిజమా? (బేరివీధి)

జవాబు: పిల్లుల కోసమే కాదు కానీ, పిల్లులు నిజమే. 2021లో పోటీ చేసినప్పుడు చిన్న స్టూడియో ఇంట్లో భార్యాభర్తలతో పాటు పదిహేనుకు పైనే పిల్లులు ఉండేవి. ఆ ఏడాది పోలింగ్ రోజున ఒక పిల్లిని చంకనేసుకుని ఓటేయడానికి పోతే లోపలికి రానివ్వలేదు. 2025లో రిపబ్లికన్ పార్టీతో పాటు జంతు రక్షణ పేరుతో ఇంకో లైను మీద కూడా ఆయన పేరుంది, షెల్టర్లలో జంతువులను చంపడం ఆపేస్తా అన్నాడు.

అందరూ నవ్వారు గానీ నేను నవ్వలేదు. కుక్కలకు ఆపరేషన్లు చేయించడం మన దగ్గరా కార్పొరేషన్ పనే, తాళం అచ్చంగా వాళ్ళ బొడ్లోనే ఉంది. రాత్రి పదింటికి బేరివీధి నుంచి గాంధీ రోడ్డు దాకా ఒక్కసారి స్కూటర్ మీద పోయి చూడండి, ఏ అభ్యర్థీ దాని గురించి మాట్లాడడు.